బియ్యంలో నాలుగక్షరాలు

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. నాన్నగారికి గోదావరి కాలువ లాకుల దగ్గర ఉద్యోగం. సర్కారువారిచ్చిన ఇల్లు లాకు గట్టునే ఉండేది, బడేమో రెండు కాలువలు దాటితే గానీ రాదు. అందుకని ఆయనే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పారు. లాకు తలుపులు మూయడానికీ మళ్ళీ తెరవడానికీ మధ్య ఎంత తీరిక ఉంటే అంత పాఠం. ఏడో ఎక్కం సగంలో ఆగిందంటే కొబ్బరికాయల పడవ వచ్చిందన్నమాట. ఇప్పటికీ ఏడేడుల దగ్గర నాకు కాస్త తడబాటే. అయినా ఆయన చలవ వల్ల నాలుగక్షరాలు వచ్చాయి. ఆయన్ని తలుచుకోకుండా నేను పుస్తకం తెరవను.

పదిమందితో కలిసి తరగతిలో కూర్చోవడం మాత్రం నా నలభై నాలుగో ఏట జరిగింది. అదీ జర్మనీలో, కరోనా వచ్చిన ఏడాది నవంబరులో, చైనా భాషలో.

మావారు జిండెల్ఫింగెన్ కార్ల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ రాస్తారు. మేముండేది ఆ పక్కనే ఓ చిన్న ఊళ్ళో, రెండు వాటాల ఇంట్లో పై వాటా. కింది వాటాలో ఇంటావిడ. ఎనభై రెండేళ్ళు, నిటారు మనిషి, ఒంటరి. భర్త యంత్రాలు బిగించే పని మీద ఒకప్పుడు చైనా వెళ్తే ఆవిడా వెంట వెళ్ళి, తొమ్మిదేళ్ళుండి, వంటావిడ దగ్గరా కూరగాయలవాడి దగ్గరా ఆ భాష నేర్చుకుని వచ్చారట. మా ఊళ్ళో పెద్దవాళ్ళ కోసం సాయంకాలపు బడి ఒకటుంది. పని దిగినవాళ్ళు వెళ్ళి కుట్టుపనో, లెక్కలో, గిటారో నేర్చుకుంటారు. అందులో ఈవిడ ప్రతి మంగళవారం చైనావాళ్ళ నాలుగక్షరాల సామెతలు చెప్తారు. ఎన్నో ఏళ్ళ నుంచి.

వాళ్ళకి ప్రతి సామెత వెనకాలా ఓ పాత కథ ఉంటుంది. ఆ కథంతా మరగబెట్టి మరగబెట్టి దింపితే అడుగున నాలుగక్షరాలు మిగులుతాయి. మాటల మధ్య ఆ నాలుగూ అంటే చాలు, ఎదుటివాళ్ళకి కథంతా గుర్తొస్తుంది. మనం "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు" అని ఊరుకుంటామే, అలాగ.

ఆ నవంబరులో ఓ రోజు ఇంటావిడ మెట్ల కింద నిలబడి నన్ను పిలిచారు. మూతికి మాస్కు. నేను పై మెట్టు మీద. మధ్యలో సర్కారు చెప్పిన మీటరున్నర.

"బడిని కంప్యూటర్లోకి మార్చేశారు. ఆరుగురుంటేనే తరగతి నడుస్తుంది. నాకు ఐదుగురే మిగిలారు."

"అయ్యో."

"ఈసారి ఆగిందంటే వచ్చే జాబితాలో ఉండదు. నా వయసులో ఆగినవి మళ్ళీ మొదలవ్వవు. మీరు ఆరో మనిషిగా వస్తారా?"

"నాకు చైనా భాష రాదు కదండీ."

"వచ్చినవాళ్ళకి నా తరగతి ఎందుకు?"

"జర్మనే అంతంతమాత్రం."

"అది నాకు తెలుసు," అన్నారు. ఈ ప్రాంతంవాళ్ళు మొహమాటానికి అబద్ధమాడరు. ఆ గుణం నాకు ఇష్టమే.

మేం ఈ ఇంట్లో దిగిన రోజున పై వాటాలో వేడినీళ్ళు రాకపోతే, తన వంటింట్లోంచి కాచి బకెట్లతో మెట్ల దాకా మోసిన మనిషి. కాదనడానికి నోరు రాలేదు. మంగళవారం ఆవిడకి ఎంత ముఖ్యమో కూడా నాకు తెలుసు. మిగతా రోజుల్లో కింది వాటాలోంచి రేడియో తప్ప మాట వినపడేది కాదు.

మావారు మాత్రం హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తీసి నన్ను చూశారు. "చైనా భాషా? ఇప్పుడా? జనం ఆ పేరెత్తితేనే చేతులు కడుక్కుంటున్నారోయ్."

"భాషకి జలుబు చెయ్యదు లెండి."

ఆయన కూరగాయల్ని కూడా సబ్బుతో కడిగే రోజులవి. నాలుగు రోజులు వరసగా సాంబారు నురగలు కట్టింది.

మొదటి మంగళవారం తలంటి పోసుకున్నాను. దేవుడి దగ్గర దీపం పెట్టి, ల్యాప్‌టాప్‌కి ఓ మూల కుంకుమబొట్టు పెట్టాను. చదువు మొదలుపెట్టడమంటే మా ఇళ్ళల్లో ఒకటే పద్ధతి. పళ్ళెంలో బియ్యం పోసి, పక్కన పసుపుకొమ్ము పెట్టి, చూపుడు వేలితో దిద్దడం. కొత్త భాష, కొత్త అక్షరం; మళ్ళీ మొదట్నించీ దిద్దుకోవాల్సిందే కదా అనుకున్నాను. ఇందులో వింతేమైనా ఉంటుందని నాకు తట్టనేలేదు. పైగా తరగతి అంటే ఎలా ఉంటుందో చూసినదాన్ని కాదు. అందరూ బియ్యంతోనే వస్తారనుకున్నాను.

తెర మీద మరో ఐదు కిటికీలు, ఇంటావిడ కిటికీ కాక. ఒకరు మందుల దుకాణంలో పనిచేసే అమ్మాయి. ఒకరు రిటైరైన బస్సు డ్రైవరు. ఒకాయన కెమెరాలో ఎప్పుడూ నుదురు మాత్రమే కనిపించేది. మిగతా మొహం చివరిదాకా నేను చూడలేదు. ఇంకో ఇద్దరు మొగుడూ పెళ్ళాలు. వాళ్ళు మొదట ఒకే కిటికీలో కూర్చున్నారు గానీ, బడి నిబంధన ప్రకారం ఒక కిటికీకి ఒక మనిషే లెక్కట. అందుకని ఆయన్ని పక్క గదిలోకి పంపారు. ఆయన మాట్లాడితే ముందు మాటా, తర్వాత గోడ అవతలి నుంచి అదే మాటా, మొత్తం రెండుసార్లు వినిపించేది.

ఆ రోజు సామెత "హ్వా షె థ్యెన్ త్సు": పాముని గీసి కాళ్ళు తగిలించడం. ఒక గిన్నెడు సారా ఉందట, తాగేవాళ్ళు చాలామందట. ఎవరు ముందు నేల మీద పాము బొమ్మ గీస్తే వాళ్ళదే గిన్నె అనుకున్నారు. ఒకడు చకచకా గీసేసి, మిగతావాళ్ళింకా తోక దగ్గరే ఉన్నారని చూసి, తీరిక దొరికింది కదా అని పాముకి కాళ్ళు కూడా పెట్టాడు. ఈలోపు రెండోవాడు గీసేసి, కాళ్ళుంటే అది పామెలా అవుతుందని గిన్నె లాక్కున్నాడు. సరిపోయినదానికి తోడు ఇంకేదో అతికించి చెడగొట్టుకునే వాళ్ళ గురించి ఈ మాట.

అందరూ కాగితం మీద రాసింది కెమెరాకి చూపించారు. నా వంతు వచ్చింది. నేను పళ్ళెం ఎత్తి చూపించాను.

బియ్యం నిలువుగా నిలబడవని ఆ క్షణంలో నాకెందుకు తోచలేదో ఆ భగవంతుడికే తెలియాలి. సోనా మసూరి అంతా కీబోర్డు మీద వాన కురిసినట్టు కురిసింది. అది మావారి రెండో ల్యాప్‌టాప్. ఆ తర్వాత చాలా నెలలు ఏ అక్షరం నొక్కినా కరకరమనేది.

"అదేమిటి?" అన్నారు ఇంటావిడ.

వచ్చిన జర్మన్‌లో చెప్పాను: మా దేశంలో పిల్లలకి మొదటి అక్షరం ఇలా రాయిస్తారు. అన్నం పెట్టేదీ అక్షరమే, అక్షరానికి ఆసరా ఇచ్చేదీ అన్నమే. ఆవిడ, "చైనాలో బీదపిల్లలు ఇసకలో పుల్లతో రాసేవారు. కాగితం కన్నా చేతికి బాగా పడుతుంది. వచ్చేవారం అందరూ బియ్యం తెచ్చుకోండి," అన్నారు.

జర్మనీవాళ్ళకి టీచరు ఓ మాట చెప్తే అది వేదం. వచ్చే మంగళవారానికి ఐదుగురూ పళ్ళేలతో సిద్ధం. మందుల అమ్మాయి పాయసాల్లో వేసే పొట్టి బియ్యం తెచ్చుకుంది. బస్సు డ్రైవరు ఇంట్లో బియ్యం లేక ఓట్సు పోసుకున్నాడు. ఆ అక్షరాలు ఎటు చూసినా గడ్డివాముల్లా ఉండేవి. నుదురాయన పళ్ళెం మాకు కనపడలేదు గానీ గలగలమని చప్పుడు వినపడేది. అందరూ వేళ్ళతో దిద్దుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. వయసు మళ్ళాక అక్షరాభ్యాసం చేసుకునే ఇంతమంది తోడు దొరికినందుకు లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాను.

చదువు నా తలకెక్కలేదు, అది వేరే సంగతి. ఒకసారి "ఆవు ముందు వీణ వాయించడం" వచ్చింది. ఒకాయన ఎంత చక్కగా వాయించినా ఆవు గడ్డి మేస్తూనే ఉందిట. మన చెవిటివాడి ముందు శంఖం లాంటిదని అర్థం చెప్తుంటే నేను ఉండబట్టలేక చెయ్యెత్తాను. ఆవులు వింటాయండీ అన్నాను. వేణువు విని ఆవులు మేత మానేసిన దేవుడు మా ఇంట్లో పటంలో ఉన్నాడన్నాను. తీరా కథ చివర్లో ఆయన దోమలా, దూడలా శబ్దం చేస్తే ఆ ఆవు కూడా చెవులు రిక్కించిందట. "అయితే తప్పు ఆవుది కాదు," అన్నాడు బస్సు డ్రైవరు. నలభై నిమిషాలు ఆవు పక్షాన వాదన జరిగింది. ఇంటావిడ అంతగా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు.

ఫిబ్రవరిలో బడి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కోర్సుల పర్యవేక్షణాధికారి రాబోయే మంగళవారం కాక ఆపై మంగళవారం తరగతిలోకి వస్తారు, మనుషుల్ని లెక్కపెడతారు, ఒక్కొక్కరిని విడివిడిగా ప్రశ్నిస్తారు, దాన్ని బట్టి కోర్సు ఉంచాలో తీసేయాలో నిర్ణయిస్తారు.

ఇంటావిడ మెట్ల కింద నిలబడి ఆ ఉత్తరం చదివి వినిపించి మాస్కు సర్దుకున్నారు.

ఆ వారం పాఠం ఏమిటంటే, "లాన్ యు ఛోంగ్ షు". పూర్వం ఒక రాజుగారికి పిల్లంగోవుల కట్టలాంటి వాయిద్యమంటే మోజు. మూడొందలమంది ఒకేసారి వాయించాలి. ఆ వాయిద్యం బొత్తిగా రానివాడొకడు వాళ్ళల్లో దూరి, అందరితోబాటు బుగ్గలు పూరిస్తూ, తల ఊపుతూ ఏళ్ళ తరబడి గడిపేశాడు. రాజు పోయాడు. కొడుకు గద్దెనెక్కాడు. ఆయనకి ఒక్కొక్కరిచేత వాయింపించుకుని వినడం ఇష్టం. మనవాడు ఆ రాత్రికి రాత్రే మూట కట్టుకుని పారిపోయాడు. లెక్క నింపడానికి కూర్చున్నవాళ్ళని ఈ మాటతో అంటారు.

నేను గతుక్కుమన్నాను. ఆవిడ నన్ను ఉద్దేశించి చెప్పలేదు, వరసలో అదే వచ్చింది. కానీ నాకు నా బుగ్గలే కనిపించాయి.

ఇంట్లో మావారితో అన్నాను. "నేను ఏమీ చెప్పలేకపోతే ఆవిడ తరగతి పోతుందండీ."

"సింపుల్. నిన్ను అడగ్గానే వీడియో ఆపేసి, నెట్‌వర్క్ ప్రాబ్లం అని మెసేజ్ పెట్టెయ్. మా ఆఫీసులో రోజుకి నలుగురు పెడతారు."

"అదే కదండీ ఆ పిల్లంగోవులవాడు చేసింది."

"ఏ పిల్లంగోవులవాడు?"

కథ చెప్పాను. ఆయన బుగ్గలు నిమురుకుని, "మా టీమ్‌లో ముగ్గురున్నారు అలాంటివాళ్ళు," అన్నారు.

ఆయన సలహా మంచి మనసుతో ఇచ్చిందే. అయినా నాకు చేతకాదు. మనుషులకి నెట్‌వర్క్ పోవచ్చు గానీ దేవుడికి పోదు.

ఉత్తరంలో చెప్పిన మంగళవారం అధికారి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. టై, దువ్విన క్రాపు. కిటికీలు వేలితో లెక్కపెట్టాడు. ఆరు. పక్క గది భర్తగారు నమస్కారం రెండుసార్లు చెప్పారు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు పళ్ళేలు చూశాడు.

"ఇవేమిటి?"

"బియ్యం," అన్నారు ఇంటావిడ.

"నావి ఓట్సు," అన్నాడు బస్సు డ్రైవరు, దాచకుండా.

"ఆహార పదార్థాలా? అయితే ఇది వంట తరగతుల కిందికి వస్తుంది. వంట తరగతులు కరోనా మూలంగా ఆపేశాం."

"మేం వండటం లేదు. రాస్తున్నాం. పైగా ఎవరింట్లో వాళ్ళున్నాం."

"ఇళ్ళు వేరైనా కోర్సు ఒకటే కదా మేడమ్. అందరూ చేతులు పెడుతున్నారు. పరిశుభ్రత ప్రణాళిక ఎక్కడ? హైజీన్ కాన్సెప్ట్?"

ఆ బియ్యం పెట్టింది నేను. చక్కగా గీసిన పాముకి కాళ్ళు పెట్టినదాన్ని నేనే.

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. మందుల అమ్మాయి బాగా చెప్పింది. నుదురాయన ఇంకా బాగా చెప్పాడు. నుదురు ముడతల్లో కూడా అర్థం కనిపించింది. చివరికి నేను.

"ఒక సామెత చెప్పి, సొంత ఉదాహరణతో వివరించండి."

రామా అనుకుని మొదలుపెట్టాను. "లాన్ యు ఛోంగ్ షు. ఆ మనిషి నేనే. నాకు చైనా భాష రాదు. ఆరుగురు కావాలన్నారని వచ్చాను. అందరూ చదివేటప్పుడు నేను పెదాలు కదుపుతాను. మిగతా ఐదుగురూ నిజంగా నేర్చుకున్నారు. మా టీచరు నిజంగా చెప్పారు. తీసేస్తే నన్ను తీసేయండి. బియ్యం తప్పు కూడా నాదే."

ఇంటావిడ కళ్ళజోడు తీసేశారు. ఆయన కలం ఆగింది.

"ఇది మీ జవాబా, ఫిర్యాదా?"

"రెండూనండీ."

చాలాసేపు రాసుకున్నాడు. "కథ సరిగ్గా ఉంది. అర్థం సరిగ్గా ఉంది. సొంత ఉదాహరణ... చాలా సొంతంగా ఉంది. మీకు పాఠం వచ్చిందనే రాయాలి. ఇంకోలా రాయడానికి ఫారంలో గడి లేదు."

అలా నేను రానిదాన్నని ఒప్పుకుని పాసయ్యాను. కానీ బియ్యం మాట ఆయన వదల్లేదు. వారం లోపల పరిశుభ్రత ప్రణాళిక రాసి పంపకపోతే కోర్సు రద్దు.

"బియ్యం మానేస్తాం," అన్నారు ఇంటావిడ.

"రిపోర్టులో ఎక్కిపోయింది మేడమ్. ఎక్కినదానికి ప్రణాళిక కావాలి."

ఆ సాయంత్రం మెట్ల మీద ఆవిడతో అన్నాను. "తప్పు నాది, రాయడం కూడా నేనే చేస్తాను."

"మీకు అలాంటివి రాయడం వచ్చా?"

వచ్చు. అది ఒక్కటే వచ్చు నాకు.

మా నాయనమ్మది మడి ఇల్లు. స్నానం చేసి, ఎవరూ ముట్టని ఆరిన బట్ట కట్టుకుంటే ఇక ఇంట్లో పిల్లలం కూడా ఆవిడకి ఆమడ దూరం. ఆ మడి పేరు చెప్పి గుమ్మం దాకా వచ్చిన మనుషుల్ని ఎంతమందిని వీధిలోనే నిలబెట్టిందో నా కళ్ళతో చూశాను. అందుకే నా ఇంట్లో దాన్ని రానివ్వలేదు. దేవుడికి కడుక్కున్న ఒళ్ళు చాలు, సాటి మనిషిని తోసేసిన ఒళ్ళు అక్కర్లేదని నా నమ్మకం. కానీ ఆ ఏడాది దేశాలకి దేశాలే మా నాయనమ్మలైపోయాయి. చిన్నప్పుడు బుర్రలోకి ఎక్కిన నిబంధనలన్నీ వరసగా గుర్తొచ్చాయి. మనుషుల్ని తక్కువ చేసేవన్నీ ఏరి పారేసి, నీళ్ళకీ చేతులకీ సంబంధించినవి ఉంచుకున్నాను.

తరగతికి ముందు తలస్నానం చేయాలని రాశాను. జుట్టు ముడి వేసుకోవాలి. ఉతికి విడిగా ఆరేసిన బట్ట కట్టుకోవాలి, కట్టుకున్నాక పరుపు మీద కూర్చోకూడదు. కుడిచేత్తోనే దిద్దాలి. వండినదీ వండనిదీ ఒకదానికొకటి తగలకూడదు. దిద్దే వేలు నోట్లో పెడితే ఎంగిలి, మళ్ళీ చేయి కడుక్కుని మొదటి గీత నుంచి రావాలి. దిద్దిన బియ్యం తొక్కకూడదు, పారేయకూడదు, కళ్ళకద్దుకుని పిట్టలకి వేయాలి. మావారు దాన్ని జర్మన్‌లో సరిచేశారు. ఏడు పేజీలైంది. చదువుతున్నంతసేపూ "మన ఇంట్లో ఇవన్నీ ఉంటే నేను విడాకులిచ్చేవాణ్ణి," అంటూనే ఉన్నారు.

"అందుకే పెట్టలేదు లెండి," అన్నాను.

నాలుగో రోజు ఫోన్. ఆ అధికారే.

"చదివాను. రెండు సందేహాలు. ఎంగిలి అని రాశారు. అది ఏ రసాయనం?"

"రసాయనం కాదండీ. నోరు తగిలిన వస్తువు, ఆ వస్తువు తగిలిన చేయి, ఆ చేయి తగిలిన ఇంకో వస్తువు."

"ఎంత దూరం పోతుంది అలా?"

"మా నాయనమ్మ లెక్క ప్రకారం వీధి గుమ్మం దాకా."

అవతల కలం చప్పుడు. "జర్మన్‌లో దీనికి మాట లేదు."

"ఏడాది నుంచీ మీరంతా దాని గురించే మాట్లాడుకుంటున్నారండీ."

ఆయన ఒప్పుకున్నట్టు దగ్గి, రెండోది అడిగాడు: బట్టతలవాళ్ళు జుట్టు ముడి నిబంధన ఎలా పాటించాలి? బస్సు డ్రైవరుది పూర్తి బట్టతల. వాళ్ళకి మినహాయింపు అని చెప్పాను. రాతపూర్వకంగా పంపమన్నాడు. పంపాను.

మార్చిలో, ఇంకా మంచు పూర్తిగా కరగని ఓ శనివారం పొద్దున, ఉత్తరం వచ్చింది. నేను చీపురూ బకెట్టూ పట్టుకుని మెట్ల మీద ఉన్నాను. ఈ ఊళ్ళో మెట్లు తుడవడం వంతులవారీగా సాగుతుంది. ఎవరి వంతో వాళ్ళ తలుపుకి చిన్న చెక్క పలక వేలాడుతుంది. అది ఉన్నవారం ఎండైనా వానైనా, జ్వరమొచ్చినా తుడవాల్సిందే. ఆ వారం పలక మా తలుపుకుంది.

ఇంటావిడ ఉత్తరాల డబ్బాలోంచి కవరు తీసి అక్కడే చింపారు. ఒకసారి చదివారు. మళ్ళీ మొదట్నించీ చదివారు.

"ఎండాకాలం జాబితాలో వేశారు. చలికాలానికి కూడా," అన్నారు.

నేను కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. తెరిచేసరికి ఆవిడ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుని, మెల్లగా మెట్లెక్కి వస్తున్నారు. నన్ను దాటి మా తలుపు దాకా వెళ్ళారు. మేకుకున్న పలక తీశారు. దాన్ని చంకలో పెట్టుకుని, రెయిలింగు పట్టుకుని కిందికి దిగి, తన తలుపుకి తగిలించుకున్నారు.

"ఈ వారం నాదండీ," అన్నాను.

"ఆ చీపురిలా ఇవ్వండి."

"మీకు మోకాళ్ళ నొప్పులు కదా మేడమ్."

"ఇవ్వండి అంటున్నాను."

మీటరున్నర దూరం నుంచి చేయి చాచాను. ఆవిడ చీపురందుకుని, మళ్ళీ పైకెక్కి, పై మెట్టు నుంచి తుడవడం మొదలుపెట్టారు. మూలల్లో కూడా, ఒక్కో మెట్టూ రెండుసార్లు.